సీటీ స్కాన్‌కి వెళ్లే ముందు

2021 మేలో, కరోనా రెండో వేవ్ మధ్యలో, జ్వరం రాగానే జనం స్కాన్ సెంటర్ల ముందు క్యూ కట్టారు. అప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక్క సీటీలో ఒంటికి తగిలే రేడియేషన్ 300, 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమన్నారు. అది పాతకాలం లెక్క, ఇప్పటి లో-డోస్ సీటీ ఐదు పది ఎక్స్‌రేల పాటే అని రేడియాలజిస్టుల సంఘం ఖండించింది. తేడాలో కొంత మెషీన్ సెట్టింగులది. మామూలు ఛాతీ సీటీకి ఐదారు మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ డోసుకు కొలత) పడొచ్చు, లో-డోస్‌లో తీస్తే ఒకటీ ఒకటిన్నర. ఏ స్కానూ లేకుండానే నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 అందుతుంది.

ఇంత కొద్ది డోసుతో క్యాన్సర్ వస్తుందా అన్నది ఇంకా తెగలేదు. హిరోషిమా, నాగసాకి బాధితుల్లో డోసు పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది. ఆ లెక్కనే కింది దాకా లాగితే చిన్న డోసుకూ చిన్న ముప్పు ఉన్నట్టే. కానీ కేరళలోని కరునాగపల్లిలో, సహజంగానే రేడియేషన్ ఎక్కువగా ఉండే మోనజైట్ ఇసుక తీరాన తరతరాలుగా ఉంటున్నవాళ్లలో క్యాన్సర్ పెరిగిన జాడ లేదని 2009లో ఒక అధ్యయనం చెప్పింది. చిన్నప్పుడు సీటీలు తీయించుకున్నవాళ్లలో లుకేమియా (రక్త క్యాన్సర్), మెదడు గడ్డలు కాస్త ఎక్కువని 2012లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. అందుకే పెద్దవాళ్లకు అవసరమైన స్కాన్ గురించి టెన్షన్ అక్కర్లేదు గానీ, పిల్లల స్కాన్ అయితే ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకూడదని నా అభిప్రాయం.

రాసిన డాక్టర్నే అడగండి: రిపోర్టు ఎలా వచ్చినా మందు అదే అయితే స్కాన్ ఎందుకు? అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐతో పని జరుగుతుందా? వాటిలో ఈ రేడియేషనే ఉండదు. పాత ఫిల్ములు, సీడీ కవరు తప్పకుండా పట్టుకెళ్లండి. ఆస్పత్రి మారగానే మళ్లీ మొదటి నుంచి తీయడం మన దగ్గర మామూలైపోయింది. పాత సీడీ చూపిస్తే చాలాసార్లు ఆ స్కాన్ తప్పుతుంది. పిల్లలకైతే వాళ్ల బరువుకు తగ్గట్టు డోసు తగ్గిస్తున్నారా అని టెక్నీషియన్‌ని అడగండి. నెల తప్పిందన్న అనుమానం ఉన్నా బల్ల ఎక్కకముందే చెప్పాలి. తోడు వచ్చినవాళ్లు బయటే ఉండాలి. బిడ్డను పట్టుకోక తప్పకపోతే సీసం ఏప్రాన్ ఇమ్మనండి. స్కాన్ చివర్లో మెషీన్ డోసు పేజీ ఒకటి చూపిస్తుంది, అందులో ఆ స్కాన్‌కి మొత్తం ఎంత రేడియేషన్ వాడారో చెప్పే డీఎల్‌పీ అనే అంకె ఉంటుంది. దాన్నీ రిపోర్టుతో పాటు అడిగి దాచుకోండి.

ఏ జబ్బూ లేకుండా హెల్త్ ప్యాకేజీలో కలిపి ఒళ్లంతా సీటీ తీస్తామంటే వద్దనండి. అదే తలకు దెబ్బ తగిలి వాంతులవుతున్నా, ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఎమర్జెన్సీ డాక్టర్ సీటీ అంటే ఈ లెక్కలేవీ పెట్టుకోకండి. అక్కడ నిమిషాలే ముఖ్యం.

సీటీ అయ్యాక ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు. ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకోవచ్చు. పెట్ స్కాన్ సంగతి మాత్రం వేరు. దానికి రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు కాబట్టి కొన్ని గంటలు పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండమంటారు. ఎంతసేపో అక్కడే అడిగి రండి.