వైజాగ్‌లో పారాలీగల్ చదువు: ఎక్కడ చేరాలి, చేరాక ఏం నేర్చుకోవాలి

మా వీధి కుర్రాడొకడు మొన్న ఇంటికొచ్చాడు. అమెరికాలో వాళ్ల మేనమామ కూతురు రెండేళ్ల పారాలీగల్ (లాయరుకి కేసు కాగితాల పనిలో సాయపడే మనిషి) కోర్సు చదివి అక్కడే ఒక లా ఆఫీసులో చేరిందట, నాకూ ఇంటర్ అయిపోయింది కదా, వైజాగ్‌లో ఆ డిగ్రీ ఏ కాలేజీలో ఉందో చెప్పన్నా అన్నాడు. నేను ఎనిమిదేళ్లుగా ఒక లాయరు గారి దగ్గర ఫైళ్లు చూస్తున్నాను, అందులో మొదటి రెండేళ్లు ఇగ్నో (ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) డిప్లొమా చదువుకుంటూ చూశాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, కాకపోతే వాడికి చెప్పినంత కోపంగా కాదు.

అక్కడి సంగతి వేరు. అమెరికాలో పారాలీగల్ అన్నది ఒక గుర్తింపు ఉన్న వృత్తి, కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఉంటుంది, కొన్ని కోర్సులకు అమెరికన్ బార్ అసోసియేషన్ ఆమోదం కూడా ఉంటుంది. మన దగ్గర ఇదే పని ముక్కలు ముక్కలుగా వేరే పేర్లతో నడుస్తోంది. కోర్టు దగ్గర వకీలు గుమాస్తా అంటారు, కంపెనీలో లీగల్ అసిస్టెంట్ అంటారు, విదేశీ లా ఫర్మ్‌ల కాగితాలు ఇక్కడ కూర్చుని చూసే పనిని ఎల్‌పీవో అంటారు. అక్కడైనా ఇక్కడైనా ఒక గీత మాత్రం ఒకటే, పారాలీగల్ కోర్టులో వాదించకూడదు, సొంతంగా సలహా అమ్ముకోకూడదు. మన 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం ఎన్‌రోల్ అయిన అడ్వొకేటే వాదించాలి, హక్కు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఆరు నెలల దాకా జైలు. డిప్లొమా చేతికి రాగానే ఇంటి ముందు బోర్డు పెట్టేసేవాళ్లు ఉంటారు కాబట్టి ముందే చెబుతున్నా.

ఇక చదువు. డిగ్రీ అని వెతక్కండి, డిప్లొమా అని వెతకండి. ఇగ్నోలో డిప్లొమా ఇన్ పారాలీగల్ ప్రాక్టీస్ అని ఉంది, ఇంటర్ పాసైతే చాలు, కనీసం ఏడాది పడుతుంది. వైజాగ్‌లో ఇగ్నో రీజినల్ సెంటర్ ఉంది కాబట్టి పనుల కోసం హైదరాబాద్ పరిగెత్తక్కర్లేదు. ఇగ్నో అడ్మిషన్లు జనవరిలో, జులైలో తెరుస్తారు, ఆ సెషన్‌కి ఈ కోర్సు లిస్టులో ఉందా, స్టడీ సెంటర్ ఎక్కడిచ్చారు అన్నది డబ్బు కట్టకముందే ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. భారత న్యాయవ్యవస్థ పరిచయం, చట్టం అంటే ఏమిటి, బలహీన వర్గాలకు ఉన్న చట్టాలు, గ్రామీణ స్థానిక పాలన, వీటితో పాటు ప్రాక్టికల్ పని, స్థూలంగా సిలబస్ ఇదే. తెలుగు మీడియం కాదు, అదొక్కటే మనవాళ్లకి ఇబ్బంది.

డబ్బు కట్టే ముందు ఇంకొక పని చేయండి. ఈజ్ఞాన్‌కోశ్ అనే సైటులో ఇగ్నో పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి పుస్తకంలో రెండు యూనిట్లు దించుకుని, ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలోనో బీచ్ రోడ్డు గట్టు మీదో కూర్చుని చదవండి. అరగంటకే నిద్ర ముంచుకొస్తే ఈ చదువు మీద డబ్బులు పెట్టకండి, ఇందులో తప్పేం లేదు. నిద్ర రాకపోతే చేరిపోండి, కానీ అసైన్‌మెంట్ల దగ్గర జాగ్రత్త. గడువులోగా అసైన్‌మెంట్లు ఇవ్వకుండా పరీక్షకి ఎంత చదివినా కోర్సు పూర్తికాదు, నాతో చేరినవాళ్లలో సగంమంది అక్కడే ఆగిపోయారు.

వాదించాలనే కోరిక మనసులో ఉంటే మాత్రం డిప్లొమాతో కాలం గడపకుండా లా కోర్సుల ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్ రాసేయండి. ఇంటర్ మీద ఐదేళ్ల కోర్సు, డిగ్రీ మీద మూడేళ్ల కోర్సు. ఆంధ్రా యూనివర్సిటీలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ లా కాలేజీ ఉంది, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, దానికి మాత్రం క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. దూరవిద్యలో ఎల్ఎల్‌బీ ఇప్పిస్తాం, ఇంట్లో కూర్చుని లాయరు అయిపోండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, బార్ కౌన్సిల్ దాన్ని ఒప్పుకోదు.

మూడోది పారాలీగల్ వాలంటీర్. పేరులో పారాలీగల్ ఉంది కదా అని చాలామంది దీన్నే ఉద్యోగం అనుకుంటారు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో పెట్టిన పథకం ఇది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నోటిఫికేషన్ ఇచ్చి మనుషుల్ని తీసుకుని, శిక్షణ ఇచ్చి, జైలుకి, పోలీస్ స్టేషన్లకి, బస్తీలకి పంపిస్తుంది. పనిచేసిన రోజుకి గౌరవ వేతనం ఇస్తారు, జీతం కాదు, జనం దగ్గర రూపాయి పుచ్చుకోకూడదు. అయినా దొరికితే వదులుకోవద్దంటాను. 1987 నాటి న్యాయ సేవల చట్టంలో 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, కార్మికులకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచితంగా లాయరుని ఇస్తారు, ఈ సంగతి తెలియక అప్పుచేసి ఫీజు కట్టినవాళ్లు ఎంతమందో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. ఈ ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100 నంబరు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, మీక్కాకపోయినా పక్కింటివాళ్లకి పనికొస్తుంది.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. అసలు చదువు పుస్తకంలో లేదు, జిల్లా కోర్టు వరండాలో ఉంది. కోర్టు హాల్లో వెనక బెంచీలో ఎవరైనా కూర్చోవచ్చు, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, జడ్జిగారు వచ్చినప్పుడు లేచి నిలబడండి, అంతే. ఉదయం పదిన్నరకి కాల్‌వర్క్, అంటే కేసులు వరసగా పిలవడం, మొదలయ్యే సరికి అక్కడ ఉండండి. మొదటి రోజు ఒక్క ముక్క అర్థంకాదు. ఓఎస్ అంటే దావా, ఐఏ అంటే దావాలో వేసే చిన్న పిటిషన్, ఈపీ అంటే డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయమనేది, సీసీ అంటే మేజిస్ట్రేట్ దగ్గర క్రిమినల్ కేసు, ఎంవీఓపీ అంటే యాక్సిడెంట్ పరిహారం. ఇవి వారంలో వచ్చేస్తాయి.

ఇంటికొచ్చి ఈకోర్ట్స్ యాప్‌లో ఆ రోజు కాజ్ లిస్టు (విచారణకొచ్చే కేసుల జాబితా) తెరిచి ఐదు కేసులు ఎంచుకోండి. ప్రతి కేసుకీ 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది, అది రాసుకోండి. మూడు నెలల పాటు ఆ ఐదు కేసులూ మీవే అనుకోండి. ఏ వాయిదాకి ఏం జరిగింది, దేనికి వాయిదా పడింది, సమన్లు అందాయా, బత్తా (సమన్లు పంపడానికి కట్టే రుసుము) కట్టారా, అవతలివాళ్లు జవాబు దావా వేశారా అని ఒక డైరీలో రాస్తూ పోండి. జవాబు దావాకి మామూలుగా 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 దాకా అని సీపీసీలో, అంటే సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టంలో, ఉంటుంది, అది చదివితే గుర్తుండదు, మీ డైరీలో ఒక కేసు దాని దగ్గర ఇరుక్కుంటే జన్మలో మర్చిపోరు.

మా ఆఫీసులో పెద్ద గుమాస్తా ఒకాయన ఉండేవారు, శ్రీకాకుళం మనిషి. నేను కొత్తలో సెక్షన్లు అప్పజెబుతుంటే, "సెక్షన్లు ఎన్నొస్తే ఏటి బాబూ, డేటు తెలవకపోతే" అనేవారు. ఆ మాట ఎంత నిజమో చెక్కు కేసు దగ్గర తెలిసింది. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, నోటీసు అందిన దగ్గర్నుంచి అవతలివాడికి 15 రోజులు టైమివ్వాలి, అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. నేను ఆ 15 రోజుల్ని నోటీసు పోస్టు చేసిన రోజు నుంచి లెక్కేసి, కాగితాలన్నీ కుట్టి, సంతకానికి పెట్టేశాను. సార్ చూసి ఏమీ అనలేదు, నోటీసు ఏ రోజు అందిందో చెప్పే ఎక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తీసి నా ముందు పెట్టారు, అంతే. గడువు తీరకముందే వేసిన కేసు నిలబడదు, అది గనక కోర్టుకి వెళ్లి ఉంటే క్లయింటు డబ్బులకి నేనేం సమాధానం చెప్పేవాణ్ణి?

ఇప్పుడు ఎవరికి నేర్పినా ఈ లెక్క చేయిస్తాను. చెక్కు బౌన్స్ అయిందని చెప్పే బ్యాంకు మెమో మార్చి 3న అందింది. ఆ రోజు వదిలేసి లెక్కపెడితే నోటీసు పంపడానికి ఆఖరి రోజు ఏప్రిల్ 2. నోటీసు అవతలివాడికి ఏప్రిల్ 8న చేరింది, అది వదిలేస్తే 15 రోజులు ఏప్రిల్ 23తో అయిపోతాయి. 24న కేసు వేసే హక్కు పుడుతుంది, ఆ రోజు కూడా వదిలేసి నెల లెక్కపెడితే మే 24 ఆఖరు. క్యాలెండరు ముందు పెట్టుకుని వేళ్ల మీద లెక్కపెట్టండి, సిగ్గుపడకండి, సీనియర్లూ అలాగే చేస్తారు. ఇంకో సంగతి, 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు, పాత పుస్తకాల్లో రిజిస్టర్డ్ అని చదివి పోస్టాఫీసు కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోకండి. ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టడం మాత్రం మానొద్దు.

పాత పుస్తకాలంటే గుర్తొచ్చింది, సెకండ్ హ్యాండ్‌లో క్రిమినల్ లా పుస్తకాలు కొనేటప్పుడు చూసి కొనండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ చట్టం స్థానంలో సాక్ష్య అధినియమ్ వచ్చాయి. అందరి నోటా నానిన 420 ఇప్పుడు 318(4), 302 ఇప్పుడు 103, 498ఏ ఇప్పుడు 85, మనోవర్తికి 125 బదులు 144. అలాగని పాతవి పారేయలేం, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి పాత సెక్షన్లే, కాబట్టి రెండూ పక్కపక్కన రాసుకున్న చార్టు ఒకటి టేబుల్ మీద ఉండాలి. వాట్సాప్ మెసేజ్‌లు సాక్ష్యంగా పెట్టాలంటే ఇదివరకు 65బి సర్టిఫికెట్ అనేవాళ్లు, ఇప్పుడది 63వ సెక్షన్, అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి పార్టీ, రెండోది నిపుణుడు ఇవ్వాలి. ఈ రోజుల్లో స్క్రీన్‌షాట్ లేని కేసు ఏముంది చెప్పండి, ఈ ఒక్క ఫారం సరిగ్గా నింపడం వస్తే ఆఫీసులో మీకు గౌరవం పెరుగుతుంది.

వైజాగ్‌లో పనిచేయాలంటే భూమి కాగితాలు చదవడం రావాలి, ఇది ఏ డిప్లొమాలోనూ సరిగ్గా నేర్పరు. మీ ఇంటి దస్తావేజుతోనే మొదలుపెట్టండి. లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) వరసగా పేర్చండి, రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) తీసి పోల్చండి, పొలమైతే ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో 1బీ, అడంగల్ చూడండి, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. సింహాచలం దేవస్థానం భూముల మీద నడుస్తున్న పంచగ్రామాల గొడవ తెలుసు కదా, అడవివరం, వేపగుంట వైపు ఇల్లు కట్టుకుని ఏళ్లుగా ఉంటున్నా రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు. అలాంటి క్లయింటు వచ్చినప్పుడు ముందే జాబితా చూసి సార్ ముందు పెట్టే అసిస్టెంటుకి, సార్ అడిగాక చూసేవాడికి జీతంలో కూడా తేడా ఉంటుంది.

టైపింగ్ ఇంగ్లీషు, తెలుగు రెండూ కావాలి. తెలుగు యూనికోడ్‌లో నేర్చుకోండి, యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల ఫైళ్లు ఇంకా చేతికొస్తాయి కాబట్టి వాటిని మార్చుకోవడం కూడా తెలిసి ఉండాలి. తీర్పులు వెతకడానికి ఇండియన్ కానూన్ సైటు ఉచితం, మొదట్లో అది చాలు.

ఆఫీసు వెతుక్కునేటప్పుడు పెద్ద పేరు చూడకండి, ఫైళ్లు ఎక్కువ ఉండి మనుషులు తక్కువ ఉన్న చోటు చూడండి, అక్కడే మీ చేత పని చేయిస్తారు. మన ఊళ్లో జిల్లా కోర్టు ఒక్కటే కాదు, లేబర్ కోర్టు ఉంది, బ్యాంకు బాకీల కోసం డీఆర్‌టీ ఉంది, వినియోగదారుల కమిషన్ ఉంది, గాజువాకలో వేరే కోర్టులున్నాయి. స్టీల్ ప్లాంటు, పోర్టు పక్కనున్న ఊరు కాబట్టి కార్మికుల కేసులు చూసే ఆఫీసులో ఏడాది చేస్తే అది ఎక్కడికెళ్లినా పనికొస్తుందని నా అభిప్రాయం. మొదట్లో జీతం తక్కువే ఇస్తారు, బస్సు పాసు, టిఫిన్ ఖర్చులు పోగా మిగిలేది పెద్దగా ఉండదు, ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకోండి. క్లయింటు ఫైలు గురించి మీ ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకండి, కోర్టు కాగితం ముందు సెల్ఫీ తీసి స్టేటస్ పెట్టి మొదటి వారంలోనే బయటికెళ్లినవాణ్ణి చూశాను.

వెళ్లే రోజు తీసుకెళ్లాల్సినవి పాకెట్ క్యాలెండరు, రెండు పెన్నులు, చిన్న డైరీ, మంచినీళ్ల సీసా. మా వీధి కుర్రాడు సోమవారం వెళ్లాడు. సాయంత్రం ఫోన్ చేసి, అన్నా, అందరూ పాస్ ఓవర్ పాస్ ఓవర్ అంటున్నారేంటి అన్నాడు. కేసు పిలిచేసరికి లాయరు వేరే కోర్టులో ఉంటే, కాసేపాగి మళ్లీ పిలవమని అడగడం అని చెప్పాను, డైరీలో రాసుకుంటానని పెట్టేశాడు.