బిష్కెక్‌లో బొగ్గు బాయిలర్ మొండికేస్తే

కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌కు మెడిసిన్ చదవడానికి వచ్చే మనవాళ్లు మొదట హాస్టల్లో ఉంటారు. అక్కడ గది ఎలా వెచ్చబడుతుందో ఎవరికీ పట్టదు. తర్వాత వంట మన చేతిలో ఉంటుందని, అద్దె కలిసొస్తుందని నలుగురు కలిసి ఊరి చివర ఇల్లు తీసుకుంటారు. నవంబరులో ఇంటావిడ ఒక పార, ఒక ఇనుప చువ్వ చేతికిచ్చి, మూల గదిలో ఉన్న ఇనుప పెట్టెను చూపించి వెళ్లిపోతుంది. అదే కట్యోల్, అంటే బొగ్గు బాయిలర్. లోపల బొగ్గు మండితే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. ఆ నీళ్లు పైపుల్లోంచి గదుల్లోని రేడియేటర్లకు వెళ్లి, చల్లబడి తిరిగొస్తాయి.

నాలుగు చలికాలాలు దాన్ని మేపాక నాకు తెలిసిందేమిటంటే, దాని జబ్బుల్లో సగం బొగ్గువల్ల కాదు, గాలివల్ల. బొగ్గు మిగులుతుందని మనం గాలి మూసేసిన ప్రతిసారీ అది ఏదో ఒక తంటా తెచ్చిపెడుతుంది.

ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం

ఇక్కడ బాయిలర్ సంగతి తర్వాత. తలుపులు తెరిచి అందర్నీ బయటికి తీసుకెళ్లండి, అంబులెన్స్‌కు 103కి ఫోన్ చేయండి. ఎవరైనా మగతగా ఉంటే లాక్కెళ్లండి. ఇది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుందని పరీక్షలో రాసినవాళ్లమే. కానీ రాత్రి రెండింటికి తల దిమ్ముగా ఉంటే జలుబనుకుని పారాసిటమాల్ వేసుకుని మళ్లీ ముసుగు తన్నేస్తాం. జ్వరం లేకుండా ఇంట్లో అందరికీ వచ్చి, బయటికెళ్తే తగ్గే తలనొప్పిని అనుమానించాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌ను మాత్రం నమ్మొద్దు. హీమోగ్లోబిన్‌కు అంటుకున్నది ఆక్సిజనో, ఈ వాయువో దానికి తెలియదు, నిక్షేపంగా 98 చూపిస్తుంది.

కారణం చాలాసార్లు ఒక్కటే. నిప్పులు ఇంకా కణకణలాడుతుండగానే, వేడి బయటికి పోకూడదని పొగగొట్టంలోని అడ్డుపలకను మూసేయడం. మంట తగ్గించాలంటే కింద గాలి లోపలికి వెళ్లే బూడిద తలుపు దగ్గర గాలి తగ్గించండి, పొగ పోయే దారిలో కాదు. పొగగొట్టం మసితో పూడుకుపోయినా ఇదే జరుగుతుంది, అందుకే సీజన్ ముందు ఒకసారి శుభ్రం చేయించండి. పడకగదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. బిర్యానీ పార్టీ ఒకటి మానేస్తే వచ్చేస్తుంది.

అంటించగానే పొగంతా గదిలోకే వస్తోంది

రెండ్రోజులు వాడకపోతే పొగగొట్టం నిండా చల్లగాలి బరువుగా దిగి కూర్చుంటుంది. కింది పొగ దాన్ని నెట్టలేదు. పొగగొట్టం అడుగున మసి తీసే చిన్న తలుపు ఉంటుంది. అందులో నలిపిన కాగితం కాల్చండి, గుప్పున పైకి లాగుతుంది. ఆ తర్వాతే పుల్లలు, బొగ్గు. అప్పటికీ పొగ వస్తే బూడిద అర నిండిందేమో చూడండి. కిటికీలు మరీ బిగుతుగా ఉన్నా మంటకు గాలి అందదు. బాయిలర్ గది కిటికీ వేలెడు తెరిచి చూడండి. కాగితం ముక్కను బూడిద తలుపు ముందు పట్టుకుంటే లోపలికి వంగాలి. మీవైపు వంగితే బొగ్గు వేయకండి.

బాయిలర్ కాగుతోంది, గదులు చల్లగానే ఉన్నాయి

చేత్తో తాకి చూడటమే పరీక్ష. రేడియేటర్ కింద వెచ్చగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరింది. పై మూలన చిన్న కుళాయి ఉంటుంది, ఇక్కడ మయేవ్‌స్కీ కుళాయి అంటారు. కింద టీ గ్లాసు పట్టి, స్క్రూడ్రైవర్‌తో సగం తిప్పండి. ముందు బుస్సుమంటుంది, తర్వాత తుంపర్లు, చివరికి నల్లటి నీళ్లు ధారగా వస్తాయి. ధార రాగానే కట్టేయండి. తగ్గిన నీళ్లను మళ్లీ నింపడం మరిచిపోవద్దు.

పైన వెచ్చగా, అడుగున చల్లగా ఉంటే బురద పేరుకుంది. అది వేసవిలో విప్పి కడగాల్సిన పని.

అన్నీ చల్లగా ఉంటే నీళ్లు తిప్పే పంపును చూడండి. వేసవంతా ఆగి ఉండి ఇరుసు పట్టేస్తుంది. కరెంటు తీసేసి, మధ్యలోని పెద్ద స్క్రూ విప్పి, లోపలి గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే చాలాసార్లు వదులుతుంది. మా మొదటి ఏడాది ఇది తెలియక, మూడు రోజులు స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని చదివాం. ఇంటావిడ వచ్చి అర నిమిషంలో తిప్పి వెళ్లింది. ఆవిడను మేం ఎజే అంటాం, కిర్గిజ్‌లో అక్క అని.

కరెంటు పోయింది, లోపల దబదబ చప్పుళ్లు

ఈ దేశంలో కరెంటు ఎక్కువగా జలవిద్యుత్తే. తొక్తొగూల్ జలాశయంలో నీళ్లు తగ్గిన ఏడాది చలికాలంలో కోతలు తప్పవు. పంపు ఆగితే నీళ్లు కదలక మరిగిపోతాయి. వెంటనే బూడిద తలుపు మూసేయండి. పొగగొట్టం పలక తెరిచే ఉంచండి. అయినా ఆగకపోతే నిప్పుల మీద పొడి బూడిద కప్పండి. నీళ్లు మాత్రం పోయొద్దు. ఆవిరి ఎగదన్ని మొహం కాలుతుంది, వేడి ఇనుము పగులుతుంది. పంపుకు బ్యాటరీతో యూపీఎస్ పెట్టిస్తే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

తెల్లవారుజామున మూడింటికి ఆరిపోతోంది

ఇక్కడ రెండు రకాల బొగ్గు ఎక్కువగా దొరుకుతుంది. కారా కెచే గనిది గోధుమ రంగు బొగ్గు, అంటే లిగ్నైట్. ఎండలో, గాలిలో ఉంచితే పగిలి నుసి అవుతుంది. కజకస్తాన్ నుంచి వచ్చే షుబర్కోల్ బొగ్గు బూడిద తక్కువ, ధర ఎక్కువ. మా గదిలో గోదావరిఖని కుర్రాడు ఒకడున్నాడు, సింగరేణి ఇంటి పిల్లాడు. బస్తా విప్పగానే చెయ్యి పెట్టి నుసి ఎంతుందో చూసేవాడు. ఆ అలవాటు చేసుకోండి, మూటకట్టిన బస్తాను నమ్మకండి.

ఆరిపోవడానికి సాధారణంగా కారణం నిప్పుల కింది ఇనుప జాలీలో ఇరుక్కున్న బూడిద, చిట్టెం (కరిగి గడ్డకట్టిన బూడిద). పడుకునే ముందు జాలీ కదపండి. కింది అరలోకి ఎర్రటి రవ్వలు రాలడం మొదలవగానే ఆపేయాలి. ఇంకా కదిపితే నిప్పే పోతుంది. నిప్పుల్ని వెనక్కి నెట్టి, కొత్త బొగ్గు ముందువైపు పోయండి. కొంత నిప్పు పైకి కనబడుతూ ఉండాలి. మొత్తం నుసితో కప్పేస్తే వాయువు లోపల పోగై, ఒక్కసారిగా అంటుకుని తలుపు ఢామ్మని తెరుచుకుంటుంది. అది ఒకసారి విన్నవాడు మళ్లీ కప్పడు.

పొగగొట్టం నుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి

తడి బొగ్గు, లేదా రోజంతా మరీ సన్నటి మంట. రోజుకోసారైనా నీళ్లను 60 డిగ్రీలు దాటించి గట్టిగా మండించండి.

సెలవులకు అందరూ ఇండియా వెళ్తుంటే రేడియేటర్లలో నీళ్లు పూర్తిగా దింపేయండి, లేకపోతే గడ్డకట్టి పగులుతాయి. బూడిదను ఇనుప బకెట్‌లోనే ఎత్తండి, మేం ఒక ప్లాస్టిక్ బకెట్ కరిగించాం. చల్లారాక గేటు ముందు మంచు మీద చల్లితే కాలు జారదు, ఎజే కూడా ఏమీ అనదు.