బ్లెండర్ సైకిల్స్‌లో గది రెండర్: సెట్టింగులు, చిక్కులు, మందులు

బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో సైకిల్స్ ఇంజిన్‌తో గది రెండర్ (తుది బొమ్మ) వేసినప్పుడు చుక్కలు, అంటే నాయిస్, కనబడగానే చాలామంది చెయ్యి శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వేసే కిరణాల సంఖ్య) మీదికే పోతుంది. శాంపిల్స్ నాలుగింతలు చేస్తే నాయిస్ సగమే తగ్గుతుంది, టైమ్ మాత్రం దాదాపు నాలుగింతలవుతుంది. కాబట్టి దాని జోలికి చివర్లో వెళ్దాం.

ముందు గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ). ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి, సిస్టమ్ ట్యాబ్‌లో సైకిల్స్ రెండర్ డివైసెస్ చూడండి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ అయితే ఆప్టిక్స్, ఏఎండీకి హిప్, ఇంటెల్ ఆర్క్‌కి వన్ఏపీఐ, మ్యాక్‌కి మెటల్. కార్డు పేరు పక్కన టిక్ పెట్టండి. లిస్టులో పేరే రాకపోతే డ్రైవర్ పాతదై ఉంటుంది, లేదా ఆ కార్డుకు సపోర్ట్ లేదు. ఇంకో మెట్టు ఉంది, ఎక్కువమంది మరిచిపోయేది ఇదే: రెండర్ ప్రాపర్టీస్‌లో ఇంజిన్‌ని సైకిల్స్ చేశాక డివైస్ దగ్గర జీపీయూ కంప్యూట్ పెట్టాలి. ఇది సీన్‌తో సేవ్ అవుతుంది. అందుకే వేరేవాళ్లు పంపిన ఫైలు మీ దగ్గర సీపీయూ మీద నత్తనడక నడుస్తుంది. కొత్త వెర్షన్ వేశాక మొదటిసారి కెర్నల్స్ (కార్డు మీద నడిచే సైకిల్స్ కోడ్) లోడ్ కావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. హ్యాంగ్ అయిందనుకుని మూసేయకండి.

ఇక అసలు తలనొప్పి వెలుతురు. కిటికీలోంచి మాత్రమే వెలుగు వచ్చే గదిలో, గోడల మీద పడే కిరణాల్లో చాలా వాటికి కిటికీ దొరకదు. నాయిస్ పుట్టేది అక్కడే. కిటికీ అంత సైజు ఏరియా లైట్ పెట్టి, ముఖం గది లోపలికి తిప్పి, పోర్టల్ టిక్ చేయండి. అది సొంతంగా వెలుగివ్వదు, బయటి వరల్డ్ (సీన్ చుట్టూ ఉండే ఆకాశం) వెలుతురు ఎటునుంచి వస్తుందో సైకిల్స్‌కి దారి చూపిస్తుంది.

కిటికీకి అద్దం పెట్టగానే గది చీకటైపోయిందా? గ్లాస్ షేడర్ (అద్దం మెటీరియల్) నీడ కిరణాన్ని, అంటే లైటు కనబడుతోందా అని చూసే కిరణాన్ని, అడ్డుకుంటుంది; అందులోంచి వచ్చే వెలుగంతా కాస్టిక్స్ (అద్దంలో వంగి వచ్చే వెలుగు) లెక్కలోకి పోతుంది. చుక్కలు పోవాలని రిఫ్రాక్టివ్ కాస్టిక్స్ ఆపేసి ఉంటే ఆ కాస్తా రాదు. మందు ఇది: మిక్స్ షేడర్‌లో పైన గ్లాస్, కింద ట్రాన్స్‌పరెంట్ కలిపి, ఫ్యాక్టర్‌కి లైట్ పాత్ నోడ్‌లోని 'ఈజ్ షాడో రే' ఇవ్వండి. కంటికి అద్దంలాగే ఉంటుంది, వెలుగు మాత్రం నేరుగా లోపలికి వస్తుంది.

అక్కడక్కడా మిగిలే తెల్ల చుక్కలకు క్లాంప్ ఇన్‌డైరెక్ట్‌ని (తగిలి తిరిగొచ్చే వెలుగుకు పెట్టే హద్దు) 10 నుంచి 4 దాకా దించండి. మరీ దించితే గది మసకబారుతుంది. మొక్కల ఆకుల వెనక నల్ల మచ్చలొస్తే ట్రాన్స్‌పరెంట్ బౌన్సులు (కిరణం దాటగల పారదర్శక పొరల సంఖ్య) చాలడం లేదు. 8ని 24 చేయండి.

ఇప్పుడు శాంపిల్స్. డిఫాల్ట్ 4096 గరిష్ఠ హద్దు మాత్రమే. ఎక్కడ ఆపాలో చెప్పేది నాయిస్ థ్రెషోల్డ్, డిఫాల్ట్ 0.01. గదికి 0.03, మ్యాక్స్ 1024, డీనాయిస్ (మిగిలిన చుక్కల్ని తుడిచేది) ఆన్ చేసి మొదలుపెట్టండి. గోడలు నీళ్లరంగులు పులిమినట్టు వస్తే తప్పు డీనాయిజర్‌ది కాదు, దానికి అందిన బొమ్మలో నాయిస్ మరీ ఎక్కువ. ప్రతిసారీ మొత్తం ఫ్రేమ్ వేయకుండా, కెమెరా వ్యూలో కంట్రోల్+బి నొక్కి అనుమానమున్న మూల వరకే రెండర్ చేసి చూడండి.

మెమొరీ చాలలేదని ఆగిపోతే ముందు టెక్స్చర్లు (వస్తువుల మీద అంటించే బొమ్మలు) చూడండి. డిస్క్‌లో 3 ఎంబీ ఉన్న 4కే జేపెగ్ కార్డులోకి వెళ్లాక విప్పుకుని 64 ఎంబీ దాకా తింటుంది (4096 × 4096 × 4 బైట్లు). అదే 2కే అయితే 16. సింప్లిఫై ప్యానెల్‌లో టెక్స్చర్ లిమిట్ 2048 పెడితే ఫైళ్లు ముట్టుకోకుండానే పని జరుగుతుంది. పర్సిస్టెంట్ డేటా (రెండర్ల మధ్య సీన్‌ని మెమొరీలోనే ఉంచేది) ఆన్‌లో ఉంటే తీసేయండి.

ఎఫ్12 నొక్కి రెండర్ వేస్తే వ్యూపోర్ట్‌లో (మీరు పనిచేసే విండోలో) ఉన్న సోఫా మాయమైందా? ఔట్‌లైనర్‌లో (వస్తువుల జాబితాలో) దాని కెమెరా గుర్తు ఆఫ్‌లో ఉంది. మీ సీన్‌కి సంబంధంలేని బొమ్మ వస్తే పోస్ట్ ప్రాసెసింగ్‌లో సీక్వెన్సర్ (వీడియో ఎడిటర్) టిక్ తీసి చూడండి. గులాబీ రంగంటే టెక్స్చర్ ఫైలు దొరకలేదని. ఫైల్ మెనూలో ఎక్స్‌టర్నల్ డేటా కింద ఫైండ్ మిస్సింగ్ ఫైల్స్ వాడండి.

వాక్‌త్రూ (గదిలో కెమెరా నడిచే వీడియో) అయితే నేరుగా వీడియోగా వేయొద్దు. పీఎన్‌జీ ఫ్రేములుగా వేసి, ఓవర్‌రైట్ టిక్ తీసేస్తే, మధ్యలో కరెంటు పోయినా ఉన్న ఫ్రేములు వదిలేసి మిగతావి మాత్రమే వేసుకుంటుంది. ఆగిన చోట సగం రాసిన ఫైలుంటే, దాన్ని డిలీట్ చేశాకే మళ్లీ మొదలుపెట్టండి.