పాత లారీ వైరింగ్: సామాను మార్చే ముందు మీటరు పెట్టండి

సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పి స్టార్టు చేసే మోటారు) తిరగలేదంటే ముందు బ్యాటరీల మీద పడతారు. కొత్తవి వేశాక వారం తిరక్కుండానే మళ్లీ అదే గొడవ. మెకానికల్ పంపుతో నడిచే పాత డీజిల్ లారీలో కంప్యూటర్ ఏమీ ఉండదు. ఉన్నదల్లా వరసగా కలిపిన రెండు 12 వోల్టుల బ్యాటరీలు, డైనమో (ఆల్టర్నేటర్), సెల్ఫ్, తీగలు, ఎర్త్‌లు (బ్యాటరీ నెగెటివ్‌ను ఛాసిస్‌కు, ఇంజిన్‌కు కలిపే కనెక్షన్లు). లోపం ఎక్కువగా ఆఖరి రెంటిలోనే దొరుకుతుంది.

డిజిటల్ మీటరుతో పాటు, 24 వోల్టుల 21 వాట్ల బల్బుకు రెండు తీగలు అతికించి టెస్టు లైటు చేసుకోండి. చిలుము పట్టిన లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) దగ్గర కూడా మీటరు దర్జాగా 24 చూపిస్తుంది. బల్బు దాదాపు ఒక ఆంపియరు లాగుతుంది కాబట్టి అక్కడ మసగ్గా వెలిగి గుట్టు బయటపెడుతుంది.

బండి రాత్రంతా ఆగాక ఒక్కో బ్యాటరీని విడిగా కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. రెంటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే, ఎవరో టేప్‌రికార్డరుకో సెల్ ఛార్జరుకో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగి ఉంటారు. అప్పుడు ఒకటి ఎండిపోతుంది, రెండోది ఎక్కువ ఛార్జయి నీళ్లు తాగేస్తుంది. ఆ తీగ పీకేసి 24 నుంచి 12కి మార్చే కన్వర్టరు పెట్టండి. లేకపోతే కొత్త జత కూడా అలాగే పోతుంది.

సెల్ఫ్ ఒక్కసారి "టక్" మని ఆగితే సోలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) దాకా కరెంటు వస్తున్నట్టే. "టకటక" మంటే బ్యాటరీ బలహీనం, లేదా టెర్మినల్ వదులు. అసలు చప్పుడే లేకపోతే కీ స్విచ్, రిలే, సోలినాయిడ్‌కు వెళ్లే సన్న తీగ చూడండి. మొదటి రెండు సందర్భాల్లో గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ అందుకోకుండా స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టండి. అర వోల్టు దాటితే ఎర్త్ పాడైనట్టే. ఛాసిస్ దగ్గర ఎర్త్ తీగ బోల్టు విప్పితే రంగు, తుప్పు కనిపిస్తాయి. లోహం మెరిసేదాకా గీకి, బిగించి, పైన వాజలైన్ రాయండి. పాజిటివ్ వైపు కూడా ఇలాగే, బ్యాటరీ నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా. రెండు వైపులా బాగుండి, కొడుతున్నప్పుడు మొత్తం 18 వోల్టుల కిందికి పడితే అప్పుడు బ్యాటరీలను అనుమానించండి.

ఇక ఛార్జింగ్. ఇంజిన్ కాస్త రేజ్ చేసి రెండు బ్యాటరీలకూ కలిపి కొలిస్తే 27.5 నుంచి 28.5 వోల్టుల వరకు రావాలి. 26 కూడా రాకపోతే ముందు బెల్టు బిగువు, తర్వాత కార్బన్ బ్రష్‌లు చూడండి. డాష్‌బోర్డులో ఛార్జింగ్ లైటు బల్బు మాడినా చాలా డైనమోలు ఛార్జింగ్ అందుకోవు, చవకబారు బల్బే గదా అని వదిలేయకండి. 29 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ మాత్రం విప్పొద్దు, డైనమోలో డయోడ్లు పోతాయి.

బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా మసగ్గా వెలుగుతోందా? అది వెనక లైట్ల ఎర్త్. బాడీ బిల్డరు దగ్గర కట్టించిన తొట్టికి లైట్లు రంగు వేసిన రేకు బోల్టుల మీదే ఎర్త్ తీసుకుంటాయి. రెండు హోల్డర్ల నుంచీ ఛాసిస్‌కు 2.5 చదరపు మి.మీ. తీగ విడిగా లాగితే ఆ పీడ వదులుతుంది.

ఫ్యూజు పదేపదే పోతుంటే రాగి తీగ చుట్టకండి, వైరింగ్ తగలబడుతుంది. ఆ లైను బల్బులన్నీ తీసేసి, స్విచ్ వేసి, ఫ్యూజు స్థానంలో టెస్టు లైటు పెట్టండి. షార్ట్ ఉన్నంతసేపూ అది వెలుగుతుంది. క్యాబిన్ కింది నుంచి వెనక్కి, తీగలు ఛాసిస్ రంధ్రాల్లోంచి దూరే ప్రతిచోటా కదుపుతూ వెళ్లండి. ఎక్కడ కదిపితే లైటు ఆరుతుందో అక్కడే తొక్క ఊడిన తీగ రేకుకు రాసుకుంటోంది. దాన్ని అతికి, టేపు చుట్టి, రంధ్రానికి రబ్బరు బుష్ వేయండి.