ఇంటు ఎక్కడ, ఇన్ టు ఎక్కడ: ఇంగ్లీషు మెయిళ్లలో చిన్న మాటల చిక్కులు

గుంటూరు మిర్చి ఎగుమతి ఆఫీసుల్లో మెయిళ్లు రాసే కుర్రాళ్ల ఇంగ్లీషు నిజానికి బాగానే ఉంటుంది. తేజ రకం రేటు, తేమ శాతం, కంటైనర్ నంబరు ఎక్కడా తప్పు పోవు. తేడా కొట్టేదల్లా ఇన్, ఆన్, అప్, బ్యాక్ లాంటి యాడ్‌వర్బుల పక్కన టు, విత్ లాంటి ప్రిపోజిషన్లు వచ్చి కూర్చున్నప్పుడే. కలిపి రాయాలా, విడదీయాలా, అసలు రెండోది కావాలా అన్నది తేలక చేతికొచ్చినట్టు కొట్టేస్తారు. స్పెల్ చెకర్ కూడా అన్నిసార్లూ ఆదుకోదు. ఇంటు సరైన మాటే, ఇన్ టు సరైన మాటలే, మరి దానికి ఏం తప్పు పట్టమంటారు?

బ్రాడీపేట, అరండల్‌పేట ఆఫీసుల నుంచి దిద్దమని నా దగ్గరికి వచ్చే మెయిళ్లలో మళ్లీ మళ్లీ కనిపించేవి ఇక్కడ రాస్తున్నాను. దాదాపు అన్నిటికీ అడగాల్సిన ప్రశ్న ఒకటే. పెళ్లిలో కొత్త ముఖం కనిపిస్తే ‘మీరు ఎవరి తాలూకండీ?’ అంటామే, మధ్యలో ఉన్న చిన్న మాటని కూడా అలాగే అడగాలి. నువ్వు ముందున్న క్రియ తాలూకా, వెనకున్న టు తాలూకా?

సమస్య 1: శాంపిల్ ల్యాబ్‌గా మారిపోయింది

‘వి టర్న్‌డ్ ద శాంపిల్ ఇంటు ద ల్యాబ్.’ రాసినాయన ఉద్దేశం, మిర్చి శాంపిల్‌ని స్పైసెస్ బోర్డు ల్యాబ్‌లో ఇచ్చామని. చదివే విదేశీ కొనుగోలుదారుకి మాత్రం శాంపిల్‌ని ల్యాబ్‌గా మార్చేశామని అర్థమవుతుంది. నవ్వుకుని ఊరుకుంటాడు, అది వేరే సంగతి.

కారణం: ‘టర్న్ ఇన్’ అంటే అప్పగించడం. అక్కడ ఇన్ క్రియ తాలూకు, టు అనేది ల్యాబ్ తాలూకు. రెండు పక్కల వాళ్లని ఒక్క మాటగా కుట్టేస్తే ‘టర్న్ ఇంటు’ అయి, మారిపోవడం అనే అర్థం వచ్చి పడుతుంది.

సరిచేయడం: టు దగ్గర వాక్యాన్ని కోసి, మిగిలింది నిలబడితే విడిగా రాయమని కొందరు మాస్టార్లు చెబుతారు. నా లెక్కలో అదొక్కటే చాలదు. ‘ద లారీ వెంట్ ఇన్’ కూడా చక్కగా నిలబడుతుంది, అయినా ‘వెంట్ ఇంటు ద యార్డ్’ అని కలిపే రాయాలి. అందుకని అర్థం చూడండి. బయటి నుంచి లోపలికి వెళ్లడమో, ఒకటి ఇంకొకటిగా మారడమో అయితే ఇంటు. క్రియా ఇన్ కలిసి అప్పగించడం, లొంగిపోవడం లాంటి సొంత అర్థం తెచ్చుకుంటే ఇన్ టు. ‘హ్యాండ్ ఇన్ టు’, ‘గివ్ ఇన్ టు’ అలాంటివే. ఇక టు తర్వాత క్రియ ఉంటే ఆలోచించకుండా విడదీయండి: ‘హి కేమ్ ఇన్ టు కలెక్ట్ ద పేపర్స్.’ కాగితాలు తీసుకోవడానికి లోపలికొచ్చాడు, అంతే.

‘లాగ్ ఇంటు’ సంగతి అడుగుతారని తెలుసు. కలిపి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఒప్పుకునే నిఘంటువులూ ఉన్నాయి. నేనైతే ‘లాగ్ ఇన్ టు’ అనే దిద్దుతాను. ‘లాగిన్’ని ఒకే మాటగా క్రియలా వాడితే మాత్రం ఊరుకోను. భూతకాలంలోకి తిప్పి చూడండి, ‘లాగిన్డ్’ అని ఎవరూ అనరు, ‘లాగ్డ్ ఇన్’ అంటారు. కలిపి రాసేది పేరుగా, అంటే నౌన్‌గా వాడినప్పుడే: మీ లాగిన్, నా లాగిన్.

సమస్య 2: ఆన్‌టు, ఆన్ టు

ఇది తేలిక. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీ మీదికి ఎక్కించారు, ఆన్‌టు. ఒక లాట్ అయ్యాక తర్వాతి లాట్‌కి వెళ్లారు, ‘మూవ్డ్ ఆన్ టు’. ఆన్ ఇక్కడ ‘ముందుకు’ అనే యాడ్‌వర్బు, పైన ఎక్కడమేమీ లేదు. బ్రిటిష్ పద్ధతిలో లారీ మీదికి ఎక్కించినా విడిగా రాసేవాళ్లు ఉన్నారు కాబట్టి, అనుమానం వస్తే విడదీయండి. పెద్ద ప్రమాదం ఉండదు.

సమస్య 3: అప్‌టు, ఇన్‌స్పైట్, ఇన్‌ఫ్రంట్, ఇనార్డర్

‘అప్‌టు 20 టన్స్’, ‘ఇన్‌స్పైట్ ఆఫ్ రెయిన్’. మన దగ్గర నోటీసు బోర్డుల మీద, టెండరు కాగితాల మీద ఇలా కలిపి చూసీ చూసీ కంటికి అలవాటైపోయింది. ఇంటు, వితిన్, వితౌట్ అతుక్కుని ఉంటే ఇవెందుకు అతుక్కోవన్నది న్యాయమైన ప్రశ్నే. అయినా ఇంగ్లీషు ఇక్కడ న్యాయం చూడదు. ‘ఇన్‌స్టెడ్’ కలిసిపోయింది, ‘ఇన్ స్పైట్’ కలవలేదు. వరస చెప్పి ఒప్పించడం నా వల్ల కాదు, కంఠతా పట్టాల్సిందే.

అంతకంటే సులువు, కంప్యూటర్‌కి అప్పజెప్పడం. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, అక్కడ ఆటోకరెక్ట్ ఆప్షన్స్. రీప్లేస్ గడిలో కలిపి రాసిన అప్‌టు, పక్కన విత్ గడిలో విడదీసిన అప్ టు పెట్టి యాడ్ నొక్కండి. మిగతావీ అలాగే. ఇంటు, ఆన్‌టులను మాత్రం ఇందులో పెట్టకండి, సరైనవి కూడా విడగొట్టేస్తుంది.

సమస్య 4: టు అబ్రాడ్, టు హియర్, టు హోమ్

‘వి సెండ్ మిర్చి టు అబ్రాడ్.’ ‘ద డ్రైవర్ కేమ్ టు హియర్ ఫ్రమ్ ఆటోనగర్.’ మిగతా తప్పులు ఏ రాష్ట్రం వాళ్లయినా చేస్తారు. ఇందులో మన తెలుగు చెయ్యి బాగా కనిపిస్తుంది. ఇక్కడికి, అక్కడికి, ఇంటికి, పైకి, బయటికి, ఆఖరికి ‘అబ్రాడ్‌కి’ కూడా అంటాం. ఆ కి ఖాళీగా పోవడం ఇష్టంలేక టు తెచ్చి పెడతాం.

హియర్, దేర్, అబ్రాడ్, అప్‌స్టెయిర్స్, ‘వెంట్ హోమ్’లో హోమ్, ఇవన్నీ యాడ్‌వర్బులు. ‘కి’ వాటి కడుపులోనే ఉంది. ‘సెండ్ అబ్రాడ్’, ‘కేమ్ హియర్ ఫ్రమ్ ఆటోనగర్’ అంటే సరిపోతుంది.

అసలు తికమక దీని తర్వాత మొదలవుతుంది. ‘టు అబ్రాడ్’ తప్పయితే ‘ఫ్రమ్ అబ్రాడ్’ ఎలా ఒప్పయింది? ఒప్పే. వెళ్లే దిక్కు ఆ మాటలోనే ఉంది, వచ్చే దిక్కు లేదు. నుంచి అని చెప్పాలంటే ఫ్రమ్ పెట్టక తప్పదు. ఫ్రమ్ హియర్, ఫ్రమ్ దేర్, సిన్స్ దెన్, అంటిల్ నౌ, అప్ టు నౌ, ఇవన్నీ ప్రిపోజిషన్ వెనకాల యాడ్‌వర్బు వచ్చిన ఒప్పులే. ‘యాడ్‌వర్బు ముందు ప్రిపోజిషన్ రాదు’ అని ఎవరైనా గుండుగుత్తగా చెబితే నమ్మకండి. తప్పల్లా దిక్కుని రెండుసార్లు చెప్పడంలో ఉంది.

ఇంకో మెలిక కూడా ఉంది. ‘టు మై హోమ్’ తప్పు కాదు, మై చేరగానే అది పేరైపోయింది. ‘టు ఓవర్సీస్’ తప్పు, ‘టు ఓవర్సీస్ బయ్యర్స్’ ఒప్పు. అక్కడ టు కొనుగోలుదారుల తాలూకు.

సమస్య 5: లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు

మెయిల్ అంతా నీటుగా రాసి, కింద సంతకం మీద ఈ ఒక్క లైను చెడగొడతారు. ఈ హియర్ పైన చెప్పిన ‘ఇక్కడ’ కాదు, ‘వినడం’ అనే క్రియ. ఫార్వర్డ్ యాడ్‌వర్బు, టు ప్రిపోజిషన్. ‘టు గో’, ‘టు ఈట్’లో క్రియ ముందు వచ్చే టు కాదిది. పోలిక ఒకటే కాబట్టి మోసపోతాం. టు తర్వాత ఒక పేరు పెట్టి చూడండి: ‘లుక్ ఫార్వర్డ్ టు యువర్ ఆర్డర్.’ కుదిరింది కదా, అయితే అది ప్రిపోజిషనే, దాని వెనకాల క్రియ ఇంగ్ తగిలించుకునే రావాలి. ‘టు హియరింగ్ ఫ్రమ్ యు.’ ‘గెట్ రౌండ్ టు’ కూడా ఇదే కోవ.

సమస్య 6: ఎక్కువైన మాటలు

‘కోప్ అప్ విత్’లో అప్ అక్కర్లేదు. ‘కీప్ అప్ విత్’, ‘పుట్ అప్ విత్’ చెవుల్లో ఉండబట్టి ఇక్కడా దూరింది. ‘రిటర్న్ బ్యాక్ టు’లో బ్యాక్ తీసేయండి. యార్డులోకి వెళ్లడానికి ‘ఎంటర్’ చాలు, ఒప్పందానికైతే ‘ఎంటర్ ఇంటు’ కావాలి.

‘సెండ్ బ్యాక్ ఇట్ టు అజ్’ అన్నది ఎక్కువ మాటల తప్పు కాదు, వరస తప్పు. ఇట్, దెమ్ లాంటివి క్రియకీ యాడ్‌వర్బుకీ మధ్యలో కూర్చోవాలి: ‘సెండ్ ఇట్ బ్యాక్ టు అజ్.’

సమస్య 7: చివర టు మాయం

‘దిస్ ఈజ్ ద పోర్టల్ వి లాగ్డ్ ఇన్.’ టు ఏమైంది? వాక్యం ప్రిపోజిషన్‌తో ముగియకూడదని బళ్లో చెప్పిన మాట గుర్తొచ్చి కోసేశారు. కోయకండి, ‘లాగ్డ్ ఇన్ టు’ అని ముగించినా తప్పు లేదు. మనసొప్పకపోతే టు ఒక్కదాన్నీ ముందుకు తెచ్చి ‘టు విచ్ వి లాగ్డ్ ఇన్’ అనుకోండి. ఇన్‌ని మాత్రం కదపకూడదు, అది క్రియ తాలూకు. ‘పుట్ అప్ విత్’ అయితే టు లాగా విత్‌ని కూడా ముందుకు లాగకండి, వినడానికి మరీ వికారంగా ఉంటుంది. ‘ఎ డిలే వి కెనాట్ పుట్ అప్ విత్’ అని రాసి పంపించేయండి.