బ్యాంకు పనులు నేర్చుకుందాం – నాలుగవ పాఠం: ఖాతాలో నగదు జమ చేయడం

గత పాఠంలో పాస్‌బుక్కు చదవడం నేర్చుకున్నాం. జమ అయిన మొత్తం ఏ గడిలో పడుతుందో, తీసుకున్న మొత్తం ఏ గడిలో పడుతుందో, నిల్వ ఎలా మారుతుందో ఇప్పుడు మీకు తెలుసు కనుక, ఆ జమ గడిలో ఒక పద్దు వేయించుకోవడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం. నోట్లు ఇచ్చి రసీదు తీసుకోవడమే కదా అనిపిస్తుంది. అయితే చెక్కుకూ ఆన్‌లైన్ బదిలీకీ లేని ఇబ్బంది ఒకటి నగదుకు ఉంది. చెక్కు మీద ఇచ్చినవారి సంతకమూ పుచ్చుకునేవారి పేరూ ఉంటాయి, బదిలీకి ఒక సంఖ్య ఉంటుంది, నోటు మీద మాత్రం అది ఎవరిదో రాసి ఉండదు. కౌంటరు దాటి అవతలికి వెళ్ళిన నోట్లు మీవేనని చెప్పగలిగేది చలానా ఒక్కటే. అందుచేత ఈ పాఠంలో ఎక్కువ భాగం చలానాకూ, దానికి ముందు ఇంట్లో చేసుకోవలసిన లెక్కకూ కేటాయిస్తున్నాను.

ఇంట్లో చేసుకోవలసిన లెక్క

నోట్లను ముందుగా విలువల వారీగా విడదీసి, గాంధీ బొమ్మ ఉన్న వైపు పైకి ఉండేలా, అన్నీ ఒకే దిశలో ఉండేలా పేర్చండి. ఇది చక్కదనం కోసం చేసే పని కాదు. ఒకే దిశలో పేర్చిన దొంతరలో వేరే విలువ నోటు ఒక్కటి చేరినా అంచు దగ్గర రంగు మారి కనిపిస్తుంది. ఇప్పుడు చలామణిలో ఉన్న కొత్త శ్రేణి నోట్లలో 500 బూడిద రంగులో, 100 లేత ఊదా రంగులో, 50 నీలంలో, 10 గోధుమ రంగులో ఉంటాయి కనుక వీటితో పెద్దగా చిక్కు లేదు. చిక్కంతా 2017లో వచ్చిన 200 నోటుకూ, 2019లో వచ్చిన కొత్త 20 నోటుకూ మధ్య ఉంది. మొదటిది నిండు పసుపు, రెండవది ఆకుపచ్చ కలిసిన పసుపు. మసక వెలుతురులో, అందులోనూ నలిగిన నోట్లయితే, రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. వెనుకవైపు తిప్పి చూస్తే 200 మీద సాంచి స్తూపం, 20 మీద ఎల్లోరా గుహలు ఉంటాయి. పసుపు రంగు నోట్లను విడిగా తీసి, ఒక్కొక్కటీ తిప్పి చూడమని నా సలహా. నేనొకసారి ఈ జాగ్రత్త పాటించక, కౌంటరు దగ్గర నా వెనుక వరుసలో ఉన్నవారందరినీ నిలబెట్టి, మొత్తం కట్ట మళ్ళీ లెక్కపెట్టవలసి వచ్చింది.

ఒకే విలువ నోట్లు వంద చేరితే ఒక కట్ట కట్టి, కాగితపు పట్టీ గానీ రబ్బరు బ్యాండు గానీ వేయండి. పిన్ను కొట్టకండి. పిన్నుల వల్ల నోట్లు చిరుగుతున్నాయని, కట్టలకు పిన్నులు కొట్టవద్దని రిజర్వు బ్యాంకు 2001లోనే బ్యాంకులను ఆదేశించింది. వందకు తగ్గిన నోట్లను కట్టగా కట్టకుండా విడిగానే ఉంచండి, ఎందుకంటే పట్టీ వేసిన కట్టను చూడగానే అందులో వంద ఉన్నాయనుకోవడం క్యాషియరుకు అలవాటు. లెక్కించడం ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి చేయండి. రెండుసార్లూ ఒకే సంఖ్య వచ్చేదాకా ఆ సంఖ్యను కాగితం మీద వేయకండి.

చలానా నింపడం

బ్యాంకు వారు పే-ఇన్ స్లిప్ అనే దాన్నే మనం చలానా అంటాం. చాలా బ్యాంకుల చలానాలో రెండు భాగాలుంటాయి: పెద్ద భాగం బ్యాంకు దగ్గర ఉండిపోతుంది, కౌంటర్‌ఫాయిల్ అనే చిన్న భాగం ముద్ర వేసి మీకు తిరిగి ఇస్తారు. కొన్ని చోట్ల నగదుకూ చెక్కుకూ ఒకే చలానా ఉంటుంది, మరికొన్ని చోట్ల వేర్వేరు. తీసుకునేటప్పుడే ఏది దేనికో చూసుకోండి.

ఖాతా సంఖ్యను పాస్‌బుక్కు ముందు పెట్టుకుని చూసి రాయండి, జ్ఞాపకం మీద రాయకండి. ఒక్క అంకె తప్పినా అది మరొకరి ఖాతా కావచ్చు. రాసిన తరువాత చివరి అంకె నుంచి మొదటి అంకె దాకా వెనక్కి చదువుతూ పాస్‌బుక్కుతో సరిచూడండి. ముందు నుంచి చదివితే కన్ను తనకు అలవాటైన అంకెలనే చూస్తుంది, వెనుక నుంచి చదివితే ఒక్కొక్క అంకె విడిగా కనిపిస్తుంది. పేరు పాస్‌బుక్కులో ఎలా ఉంటే అలాగే రాయాలి, ఇంటిపేరు ముందున్నా వెనుకున్నా దాన్ని మార్చకూడదు. జమ చేసేది వేరొకరి ఖాతాలోనైతే ఖాతాదారు పేరు ఒక చోట, తెచ్చి కట్టేవారి పేరూ ఫోన్ నంబరూ మరొక చోట వస్తాయి. అడుగున సంతకం తెచ్చి కట్టేవారిదే.

ఇక చలానాకు ప్రాణమైన భాగం నోట్ల వివరం. చాలామంది మొత్తం రాసేసి, ఈ పట్టికను క్యాషియరు నింపుకుంటాడులే అని వదిలేస్తారు. తేడా వచ్చినప్పుడు మొత్తం మీకేమీ చెప్పదు, తప్పు ఎక్కడుందో చూపేది ఈ పట్టికే. ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ దగ్గర 500 నోట్లు 31, 200 నోట్లు 9, 100 నోట్లు 8, 50 నోట్లు 5, 20 నోట్లు 6 ఉన్నాయి. వరుసగా 15,500, 1,800, 800, 250, 120 అవుతాయి, కలిపితే 18,470. అంకెల్లో 18,470 అని వేసి, అక్షరాల్లో ‘పద్దెనిమిది వేల నాలుగు వందల డెబ్బై రూపాయలు మాత్రమే’ అని రాయండి. ‘మాత్రమే’ తరువాత ఖాళీ మిగిలితే గీత గీయండి. ఎక్కడైనా తప్పు పోతే దిద్దకుండా ఆ చలానా చింపేసి కొత్తది రాయండి. దిద్దుబాటు ఉన్న చలానాను క్యాషియరు తిరిగి ఇచ్చే అవకాశం ఉంది, తీసుకున్నా రేపు దాన్ని చూపించవలసి వచ్చినప్పుడు దిద్దింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. కౌంటర్‌ఫాయిల్‌లోనూ ఇవే వివరాలు నింపండి. అక్కడ నోట్ల వివరానికి గడులు లేకపోతే దాని వెనుకవైపు రాసుకోండి.

పాన్ గడిని ఖాళీగా వదలకండి. 1962 నాటి ఆదాయపు పన్ను నియమాలలోని 114బి నియమం, ఒకే రోజున 50,000 రూపాయలకు మించి నగదు జమ చేస్తే పాన్ సంఖ్య ఇవ్వాలని చెప్పింది. ఏడాది మొత్తంలో 20 లక్షలు చేరే జమలకు 2022 మే నుంచి మరొక నియమం వచ్చింది. ఈ పరిమితులను ప్రభుత్వం అప్పుడప్పుడు మారుస్తూ ఉంటుంది కనుక, పెద్ద మొత్తం కట్టే ముందు శాఖలో ఒక మాట అడిగి వెళ్ళడం మంచిది. ఉన్న మొత్తాన్ని పరిమితికి కాస్త తక్కువగా ముక్కలు చేసి రోజుకొకటిగా కట్టే పద్ధతిని కొందరు తెలివి అనుకుంటారు. బ్యాంకులు అనుమానంతో చూసేది సరిగ్గా అలాంటి జమలనే.

కౌంటరు దగ్గర

ఇప్పుడు మీ బ్యాంకుకు చెందిన ఏ శాఖలోనైనా నగదు కట్టవచ్చు. అయితే ఖాతా ఉన్న శాఖ కాకపోతే కొన్ని బ్యాంకులు పరిమితి విధిస్తాయి, రుసుము కూడా తీసుకుంటాయి. నోట్లనూ చలానానూ కలిపి ఇచ్చి, క్యాషియరు లెక్క ముగించేదాకా అక్కడే నిలబడండి. యంత్రంలో నోట్లు తిరుగుతున్నప్పుడు దాని మీద కనిపించే సంఖ్యను మీరూ చూడవచ్చు. లెక్క సరిపోయాక ‘ఖాతా ఎవరి పేరున ఉందో ఒకసారి చదవండి’ అని అడగండి. తెర మీద కనిపించే పేరు మీరు చెప్పినదే అయితే ఖాతా సంఖ్య తప్పలేదన్నమాట. కౌంటర్‌ఫాయిల్ మీద బ్యాంకు ముద్ర, తేదీ, సంతకం మూడూ ఉన్నాయో లేదో కౌంటరు వదలక ముందే చూసుకోండి.

తేడా వస్తే కంగారు పడవద్దు, వాదనకూ దిగవద్దు. తేడా ఎంతో అడగండి. ఆ సంఖ్యే చాలావరకు దారి చూపుతుంది. తేడా 300 అయితే 500 దొంతరలో 200 నోటో, 200 దొంతరలో 500 నోటో చేరి ఉండవచ్చు. 400 అయితే 500కూ 100కూ మధ్య, 100 అయితే 200కూ 100కూ మధ్య వెతకండి, ఒక 100 నోటు లెక్కలో తప్పి ఉన్నా అంతే తేడా వస్తుంది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే మరొక అనుమానం కలగాలి: పక్కపక్క అంకెలు తారుమారై ఉండవచ్చు. 47ను 74గా రాస్తే తేడా 27, 31ని 13గా రాస్తే 18. ఏ రెండు అంకెలు తారుమారైనా తేడా తొమ్మిదికి గుణిజమే అవుతుంది, ఎందుకంటే పదుల స్థానంలోని అంకె ఒకట్లలోకి దిగితే తన విలువలో తొమ్మిది రెట్లు కోల్పోతుంది, ఒకట్ల అంకె పదుల్లోకి ఎక్కితే తొమ్మిది రెట్లు పొందుతుంది. పద్దులు రాసేవారు చాలాకాలంగా వాడుతున్న కిటుకు ఇది. పై ఉదాహరణలో 18,470కి బదులు 18,740 అని రాసి ఉంటే తేడా 270, తొమ్మిదితో భాగిస్తే 30. అప్పుడు నోట్లు మళ్ళీ లెక్కించే ముందు రాసిన అంకెలను చూడాలి.

నకిలీ నోటు, చిరిగిన నోటు, నాణేలు

క్యాషియరు ఒక నోటు నకిలీదని తేల్చితే దాన్ని మీకు తిరిగి ఇవ్వరు, దాని విలువ ఖాతాలో జమ చేయరు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ నోటు మీద నకిలీదని ముద్ర వేసి, స్వాధీనం చేసుకుని, మీకు రసీదు ఇవ్వాలి. మీరు సంతకం చేయడానికి ఇష్టపడకపోయినా రసీదు ఇవ్వవలసిందే. ఒకే జమలో నాలుగు దాకా నకిలీ నోట్లు వస్తే నెలాఖరున ఇచ్చే నివేదికలో పోలీసులకు తెలియజేస్తారు. ఐదు, అంతకు మించి ఉంటే పోలీసు కేసు నమోదు చేయిస్తారు. కనుక ఇంట్లోనే ఒకసారి పరీక్షించడం మేలు. కొత్త 500 నోటును కాస్త వాల్చి చూస్తే, దానిలోని భద్రతా దారమూ, ముందువైపు కింద కుడి మూలనున్న విలువ అంకె కూడా ఆకుపచ్చ నుంచి నీలానికి మారతాయి.

చిరిగినవీ నలిగినవీ విడిగా ఉంచి, వాటి సంగతి ముందే చెప్పండి. రెండు ముక్కలైనా రెండింటి మీదా సంఖ్య చెక్కుచెదరకుండా ఉంటే బ్యాంకు తీసుకుంటుంది. ఒక భాగం పోయిన నోటుకు 2009 నాటి నోటు రిఫండు నియమాలను అనుసరించి, మిగిలిన ముక్క పరిమాణాన్ని బట్టి విలువ కడతారు. 2000 నోటు ఇంకా చెల్లుబాటులోనే ఉన్నా, బ్యాంకు శాఖలు 2023 అక్టోబరు 7 తరువాత తీసుకోవడం మానేశాయి. మీ దగ్గర మిగిలి ఉంటే రిజర్వు బ్యాంకుకు చెందిన 19 ఇష్యూ కార్యాలయాలలో ఒకదానికి వెళ్ళాలి. హైదరాబాదులో ఒకటి ఉంది. నాణేలను వందేసి చొప్పున పారదర్శక సంచుల్లో వేసి తీసుకువెళితే తూచి తీసుకోవడం సులభం. ఒక లావాదేవీలో నాణేలకు చట్టం పెట్టిన 1,000 రూపాయల హద్దు బ్యాంకులో జమ చేసుకోవడానికి అడ్డు కాదు.

యంత్రంలో కట్టడం

నగదు జమ యంత్రం నోట్లను తానే లెక్కించి, విలువల వారీగా తెర మీద చూపుతుంది. ఆ పట్టికను మీ ఇంటి లెక్కతో సరిచూశాకే అంగీకారం నొక్కండి. చాలా యంత్రాలు చిన్న విలువ నోట్లను తీసుకోవు, నలిగినవాటిని వెనక్కి నెట్టేస్తాయి, నోట్ల సంఖ్యకు హద్దు పెడతాయి. కార్డు లేకుండా యూపీఐతో నగదు కట్టే సదుపాయం 2024 ఆగస్టులో మొదలైంది కానీ అన్ని యంత్రాలలోనూ లేదు. నోట్లు లోపల చిక్కుకుని చీటీ రాకపోతే, యంత్రం మీదున్న గుర్తింపు సంఖ్య, సమయం, మొత్తం రాసుకుని వెంటనే శాఖలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే బ్యాంకుల మీద వచ్చే ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

ఇంటికి వచ్చాక

ఎస్ఎంఎస్‌లో వచ్చిన మొత్తాన్ని కౌంటర్‌ఫాయిల్‌తో సరిచూడండి, పాస్‌బుక్కులో పద్దు పడ్డాక ఇంకోసారి చూడండి. ఆ పద్దు పడే దాకా కౌంటర్‌ఫాయిల్ పారేయకండి. పొదుపు ఖాతాలో డబ్బు వేయడానికి పదో తేదీ లోపలే వెళ్ళాలని పట్టుబట్టే పెద్దవారు మీ ఇంట్లోనూ ఉండి ఉంటారు. 2010 మార్చి దాకా నెలలో పదో తేదీ నుంచి చివరి తేదీ వరకు ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ కట్టేవారు కనుక అప్పట్లో వారి మాటే సరి. 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజే లెక్క, కాబట్టి ఏ తేదీన కట్టినా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

అభ్యాసం

500 నోట్లు 24, 200 నోట్లు 17, 100 నోట్లు 13, 20 నోట్లు 8 ఉన్నాయనుకుని చలానా నింపండి. మొత్తం 16,860 రావాలి. ఇప్పుడు క్యాషియరు తన లెక్కలో 16,680 వచ్చిందన్నాడనుకోండి. తేడా 180. దీనికి రెండు కారణాలు ఉండగలవు: 200 దొంతరలో ఒక 20 నోటు చేరి ఉండవచ్చు, లేదా ఎక్కడో 86 తిరగబడి 68 అయి ఉండవచ్చు. నోట్లు మళ్ళీ లెక్కించకుండా, క్యాషియరును ఒకే ఒక్క ప్రశ్న అడిగి కారణం ఏదో తేల్చాలి. ఆ ప్రశ్న ఏమిటో రాసి ఉంచుకోండి, ఐదవ పాఠాన్ని దాని జవాబుతో మొదలుపెట్టి చెక్కు జమలోకి వెళదాం.