మిద్దెతోట గ్రూపులో మిర్చి చేను ప్రశ్న: కొత్త సభ్యులు సంబంధం లేనివి అడిగినప్పుడు అడ్మిన్లు చేయవలసినవి

మిద్దెతోటలు పెంచేవారి కోసం పెట్టిన వాట్సాప్ గ్రూపులోకి కొత్తగా వచ్చినవారు, చేరిన రోజే గ్రూపు పరిధికి బయట ఉన్న ప్రశ్న అడగడం మామూలుగా జరిగేదే. ఎకరం మిర్చికి ముడత వచ్చిందని ఒకరు, పెరట్లోకి పాము వచ్చిందని మరొకరు, స్లాబు కారుతోంది, మంచి మేస్త్రీ ఎవరైనా ఉన్నారా అని ఇంకొకరు అడుగుతారు. పాత సభ్యుల్లో కొందరు విసుక్కుంటారు, కొందరు తెలిసీ తెలియని జవాబు చెబుతారు, ఎక్కువమంది చూసి ఊరుకుంటారు. విసుగు వల్ల అడిగినవారి మనసు నొచ్చుకుంటుంది, మౌనం వల్ల ఒక పూట వృథా అవుతుంది. తెలిసీ తెలియని జవాబు వల్ల మాత్రం పంటే పోవచ్చు. కాబట్టి ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు అడ్మిన్ ముందుగా ఆలోచించవలసింది గ్రూపు క్రమశిక్షణ గురించి కాదు, అడిగిన మనిషి సరైన చోటికి ఎంత త్వరగా చేరగలడన్న దాని గురించి.

సంబంధం లేని ప్రశ్నలు ఎక్కువగా రావడానికి గ్రూపు పేరు, అమరిక చాలావరకు కారణం. పేరులో తోట, సేద్యం, సేంద్రియం అన్న మాటలు కనిపిస్తే అది తన కోసమే పెట్టారని రైతు అనుకోవడంలో తప్పేమీ లేదు. తాను చేరకముందు జరిగిన సంభాషణ వాట్సాప్‌లో కొత్త సభ్యుడికి మామూలుగా కనిపించదు. గ్రూపు వివరణలో నియమాలు ఎంత వివరంగా రాసినా, పేరు మీద నొక్కి లోపలికి వెళ్లి చూసేవారు తక్కువ. పైన పిన్ చేసిన సందేశం కూడా గరిష్ఠంగా 30 రోజులే నిలుస్తుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు గుర్తుపెట్టుకొని మళ్లీ పిన్ చేయాలి. టెలిగ్రామ్‌లో పాత సంభాషణ కొత్తవారికి కనిపించేలా పెట్టుకునే వీలుంది. ఫేస్‌బుక్ గ్రూపులో అయితే చేర్చుకునే ముందే ప్రశ్నలు అడగవచ్చు. ఆ ప్రశ్నల్లో నియమాలకు కట్టుబడి ఉంటారా అని అడిగితే అందరూ అవుననే అంటారు, దాని వల్ల తెలిసేది ఏమీ ఉండదు. దానికి బదులు మీరు పెంచుతున్నది కుండీల్లోనా, పెరట్లోనా, పొలంలోనా అని అడిగితే, పొలం అని రాసినవారికి చేర్చుకునేటప్పుడే తగిన దారి చెప్పవచ్చు.

ప్రశ్న వచ్చాక, అది నిజంగా పరిధికి బయటిదేనా అని ఒకసారి చూసుకోవాలి. ఈ పనిని చాలామంది అడ్మిన్లు వదిలేస్తారు. స్లాబు కారడం గురించి అడిగిన ప్రశ్న పైకి ఇళ్ల మరమ్మతుకు సంబంధించినదిగా కనిపిస్తుంది. కానీ కుండీలను నేరుగా స్లాబు మీద ఆనించి పెట్టడం, కింద నీరు నిలవడం, వాటం సరిగా లేక తూముల దాకా నీరు పారకపోవడం మిద్దెతోటల్లో తరచుగా ఎదురయ్యే ఇబ్బందులే. ఇలాంటప్పుడు "ఇది మేస్త్రీల గ్రూపు కాదు" అని కొట్టిపారేయకుండా, "చెమ్మ దిగుతున్నది కుండీలు పెట్టిన చోటేనా అండీ, లేక మిగతా చోట్ల కూడానా?" అని ఒక్క ప్రశ్న ఎదురు వేస్తే అసలు విషయం బయటపడుతుంది. కుండీల కిందే అయితే, స్టాండ్లు వేసి ఎత్తులో పెట్టడం, నీరు పోసే పద్ధతి మార్చుకోవడం గురించి చెప్పడానికి ఆ గ్రూపు కంటే తగిన చోటు మరొకటి ఉండదు. కొత్తవారికి గ్రూపు భాష ఇంకా అలవడి ఉండదు కనుక, వారు అడిగే తీరును బట్టి కాకుండా వారికి కావలసిన దానిని బట్టి ప్రశ్నను తూచాలి.

ఇక మిర్చి సంగతి. "అన్నా, ఎకరం మిర్చి పెట్టిన, ఆకు ముడుచుకపోతుంది, పూత రాలుతుంది, ఏం కొట్టాలె" అని ఒక కొత్త సభ్యుడు ఫొటోతో సహా పెట్టాడనుకుందాం. అరగంటలో వచ్చే జవాబులను ఊహించడం కష్టం కాదు. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె అని ఒకరు, పుల్ల మజ్జిగ అని ఒకరు, నా పది కుండీలకు ఇది బాగా పనిచేసింది అని మరొకరు రాస్తారు. అందరిదీ మంచి ఉద్దేశమే. అయితే మిర్చిలో ఆకులు పైకి ముడుచుకుంటే సాధారణంగా తామర పురుగు పని, కిందికి ముడుచుకుంటే నల్లి పని. రెండింటికీ వాడే మందులు వేరు. వైరస్ వల్ల వచ్చే ముడత అయితే సంగతి మళ్లీ వేరు. 2021-22లో ఖమ్మం, వరంగల్, గుంటూరు ప్రాంతాల మిర్చి రైతులను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూతలోనే తిష్ఠ వేసింది. అలాంటి దాడి మీద నాలుగు రోజుల ఆలస్యం కూడా ఖరీదైనదే. పైగా కుండీలకు మోతాదు లీటరు లెక్కన చెబుతారు, చేనుకు ఎకరానికి సుమారు 200 లీటర్ల మందు నీటి లెక్కన చెబుతారు. పది కుండీల అనుభవంతో ఎకరానికి సలహా ఇవ్వడం ఎంత ప్రమాదమో గ్రూపులో అందరికీ తెలియకపోయినా అడ్మిన్‌కు తెలిసి ఉండాలి.

అటువంటి సందేశానికి ఇవ్వదగిన జవాబు ఇలా ఉండవచ్చు: "అన్నా, ఈ గ్రూపులో అందరం మిద్దె మీద కుండీల్లో పెంచేవాళ్లమే, ఎకరం చేనుకు మందు చెప్పే అనుభవం మాకు లేదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతారు. ఆకు పైకి ముడుచుకుందా, కిందికా, పూతలో సన్నటి నల్ల పురుగులు ఉన్నాయా చూసి వారికి చెప్పండి. వీలైతే రెండు కొమ్మలు కోసి మీ వ్యవసాయ విస్తరణ అధికారికి గానీ, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ చూపించండి." ఇందులో క్షమాపణ లేదు, మందలింపు లేదు, నియమాల ప్రస్తావన లేదు. గ్రూపు ఎవరి కోసమో మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. ఫోన్ చేసినప్పుడు అవతలివారు ఏమి అడుగుతారో ముందే చెప్పడం వల్ల రైతు ఆ మాటలకు సిద్ధంగా ఉంటాడు. ఉట్టి నంబరు ఇచ్చి వదిలించుకోవడానికీ, దారి చూపడానికీ ఉన్న తేడా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఈ జవాబు పెట్టిన వెంటనే, అంతకుముందు ఎవరైనా మందు మోతాదు రాసి ఉంటే దానిని తొలగించమని వారినే మర్యాదగా అడగాలి.

ప్రాణాపాయం ఉన్న చోట పరిధి గురించిన ఆలోచనే రాకూడదు. పాము కాటు, పురుగుమందు మింగిన పిల్లవాడు, మిద్దె మీది నుంచి పడినవారు అన్న మాట కనిపించగానే 108కి ఫోన్ చేయమని చెప్పడం తప్ప గ్రూపు చేయదగినది లేదు. నాటు వైద్యం, గాటు పెట్టడం, కట్టు కట్టడం వంటి సలహాలు వస్తే అడ్మిన్ అప్పటికప్పుడు తీసేయాలి. పాము కాటు వేయలేదు, కేవలం కనిపించింది అంటే ఎవరూ దగ్గరికి వెళ్లవద్దని చెప్పి పాములు పట్టేవారి వివరాలు ఇవ్వాలి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఈ పని చేస్తున్నది.

దారి చూపే జవాబు ఒక్కరే ఇవ్వాలి. అడ్మిన్ చెప్పిన తర్వాత మరో ఆరుగురు వచ్చి "అవును, ఇక్కడ ఇలాంటివి అడగకూడదు" అంటే, మాటలు ఎంత మర్యాదగా ఉన్నా కొత్త మనిషికి అది పంచాయితీ పెట్టినట్టే ఉంటుంది. అందుకని పాత సభ్యులతో ముందే ఒక ఒప్పందం చేసుకోవడం మంచిది: జవాబు వచ్చిన ప్రశ్న మీద మళ్లీ ఎవరూ రాయరు, కావాలంటే ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు.

"పర్సనల్‌గా మెసేజ్ పెట్టండి, చెబుతాను" అనే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. వాట్సాప్ గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. మిద్దెతోటల గ్రూపుల్లో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటారు. మొక్క గురించి మొదలైన పరిచయం రాత్రిపూట పలకరింపుల దాకా పోయి, చివరికి వారు ఎవరికీ చెప్పకుండా గ్రూపు వదిలి వెళ్లిపోయిన సందర్భాలు అడ్మిన్లకు కొత్త కాదు. విడిగా మాట్లాడవలసిన అవసరం నిజంగా ఉంటే, "మీకు అభ్యంతరం లేకపోతే విడిగా రాస్తాను" అని అడ్మిన్ గ్రూపులోనే అడిగి, సరే అన్నాకే రాయాలి.

సందేశాన్ని తొలగించడం ఆఖరి మార్గం. అడ్మిన్ తీసేసిన చోట, అడ్మిన్ తీసేశారన్న మాట అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. ప్రశ్న అడిగినందుకు అంత శిక్ష అవసరం లేదు. ఆధార్ కార్డు ఫొటో, బ్యాంకు వివరాలు, ప్రమాదకరమైన మందు మోతాదు, అమ్మకపు ప్రకటన వంటివి మాత్రం ఆలోచించకుండా తీసేయవచ్చు. అమ్మకపు ప్రకటన కొన్నిసార్లు ప్రశ్న వేషంలో వస్తుంది. "నాణ్యమైన కోకోపీట్ ఎక్కడ దొరుకుతుంది?" అని ఒకరు అడగడం, నిమిషంలోపే మరొక కొత్త సభ్యుడు ధరతో సహా జవాబు చెప్పడం చూస్తే ఇద్దరూ ఒకే చోటి నుంచి వచ్చారని అనుమానించడం సబబే.

నియమాల కంటే కళ్ల ముందు జరుగుతున్నదే కొత్తవారికి పాఠం. పొద్దున్నే పాత సభ్యులు పెట్టే శుభోదయం బొమ్మలు, పండుగ శుభాకాంక్షలు, రాజకీయ ఫార్వర్డులు చూసినవారు ఇక్కడ ఏదైనా మాట్లాడవచ్చనే అనుకుంటారు. గ్రూపు పెట్టిన పెద్దాయన భక్తి వీడియోలకు ఏమీ అనకుండా, నిన్న చేరిన మనిషి మిర్చి ప్రశ్నను మాత్రం తప్పుపడితే, అది క్రమశిక్షణ అనిపించుకోదు. పెద్దాయనకు చెప్పడం ఇబ్బందే. ఆయనకు నచ్చజెప్పగలిగిన ఒక తోటి వయసువారి చేత విడిగా చెప్పించడం తప్ప నాకు తెలిసిన మార్గం లేదు.

ఒకే రకం ప్రశ్న పదేపదే వస్తుంటే, కొత్తవారిని దిద్దడం మాని గ్రూపు అమరికను దిద్దాలి. తెలుగు వికీపీడియాలో విధానాల చర్చకు రచ్చబండ, కొత్తవారి సందేహాలకు సహాయ కేంద్రం అని వేర్వేరు పేజీలు ఉన్నాయి; తప్పు చోట అడిగిన ప్రశ్నను సరైన చోటికి పంపడం అక్కడ తేలిక. పరిధి విషయంలో గట్టిగా ఉండే స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వెబ్‌సైటు, తమ దగ్గర కొత్తవారికి ఆదరణ దొరకడం లేదని 2018లో స్వయంగా ఒప్పుకోవలసి వచ్చింది. పరిధి ఉండటంలో తప్పు లేదు, దానిని చెప్పే తీరులోనే చిక్కు వస్తుంది. టెలిగ్రామ్‌లో అంశాలవారీ విభాగాలు, వాట్సాప్‌లో కమ్యూనిటీ కింద ఉపగ్రూపులు పెట్టుకోవచ్చు. అయితే "ఇతర విషయాలు" అన్న పేరుతో విభాగం పెడితే అది నెల తిరగకుండా ఫార్వర్డుల కుప్ప అవుతుంది. విత్తనాల మార్పిడి, తెగుళ్ల ఫొటోలు, స్లాబు జాగ్రత్తలు అని పనిని బట్టి పేరు పెట్టినవే నిలుస్తాయి.

దారి చూపడానికి వాడే నంబర్లు, చిరునామాల పట్టిక ఒక అడ్మిన్ బాధ్యతలో ఉండాలి. ఖరీఫ్‌కు ముందు ఒకసారి, రబీకి ముందు ఒకసారి ఆ అడ్మిన్ ప్రతి నంబరుకూ స్వయంగా ఫోన్ చేసి పలుకుతోందో లేదో చూడాలి. పేర్లూ మారుతుంటాయి: ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన రైతు భరోసా కేంద్రాలను 2024 నుంచి రైతు సేవా కేంద్రాలు అంటున్నారు. తెలంగాణ రైతుకు ఆ పేరు చెబితే ఉపయోగం లేదు, వారికి రైతు వేదిక అని చెప్పాలి. అందువల్ల జవాబు పెట్టే ముందు "మీది ఏ జిల్లా అండీ?" అని అడగడం ఆ పట్టికలో మొదటి గడిగా రాసి పెట్టుకోవాలి.